బండెనక బండి ఎవరిది? మన తీజ్ పాట ఎవరిది?

పోస్ట్ పెద్దగుంటది. సగం చదివి కామెంట్ పెట్టకుండ్రి. మొత్తం చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టుండ్రి, పడతా.

పోయిన నెల మన గ్రూపుల రెండు పోస్టులు వచ్చినయి. ఒకటి మిర్యాలగూడ అన్నది. హాస్టల్ డే నాడు డీజేల 'బండెనక బండి కట్టి' రీమిక్స్ పెట్టి పిల్లలు ఎగిరిన్రని, గద్దరన్న పాటను ఖరాబు చేసిన్రని, ఒరిజినల్ తప్ప వేరేది పెట్టొద్దని ఆయన కోపం. రెండోది కోదాడ అన్నది. మన తండాల తీజ్ పాటలన్నీ స్టూడియోల రికార్డు చేసి, బీట్ వేసి, ఛానల్‌ల వదులుదామని. మంచి ఆలోచనే. కానీ కింద రాసిన మాట చూడుండ్రి: పాటలు అందరివి కాబట్టి పాడిన ముసలమ్మల పేర్లు అక్కర్లేదట, సంగీతం చేసినాయన పేరు, 'లిరిక్స్' దగ్గర సాహిత్యం సరిచేసినాయన పేరు, గ్రూపు పేరు ఉంటే చాలట. దానికి నూట ఇరవై లైకులు. అందుల నా రూమ్మేటుది కూడా ఉంది.

ఇద్దరితోనీ నాకు పేచీ ఉంది. మిర్యాలగూడ అన్నతో కొంచెం, కోదాడ అన్నతో ఎక్కువ.

మొదట బండెనక బండి. అన్నా, అది గద్దరన్న పాట అని రాసినవ్. కాదు. అది యాదగిరి పాట. బండి యాదగిరి అని పిలుస్తరు, పాటే ఆయన ఇంటిపేరు లెక్క అయింది. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంల పుట్టిన పాట. కాలేజీ చదివినోడు, కవి సమ్మేళనాలకు పోయినోడు కట్టింది కాదు. దొరల గడీల ముందు వెట్టి చేసిన మనుషుల నోట్ల పుట్టింది. అందుల మన సూర్యాపేట ఉంది, నల్లగొండ ఉంది, ఆ తర్వాతనే హైదరాబాదు, గోల్కొండ. పల్లెల నుంచి నైజాం సర్కారును పేరు పెట్టి పిలిచి, ఎట్ల వస్తవో రా చూద్దాం అని సవాలు చేసే పాట. రాజు ఉండే పట్నం దాంట్ల చివరికి వస్తది, మన ఊర్లు ముందు వస్తయి. నాకు ఆ పాటల అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఆ పోరాటంల మనోళ్లు లేరనుకునేటోళ్ల కోసం ఒక్క మాట. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడ్డ ధర్మాపురం తండా జాటోత్ ఠాను నాయక్ పేరు ఎంతమందికి తెలుసు? భూమి కోసం ప్రాణమిచ్చిండు. మా తరగతిల నలభై మందిని అడిగిన, ఇద్దరికి తెలుసు. వాళ్లిద్దరూ ఆ దిక్కోళ్లే. పేరు చెప్పకపోతే ఏమైతదో చూడనీకి ఎక్కడికో పోవాల్సిన పని లేదు.

మళ్లా పాట దగ్గరికి. 1948 సెప్టెంబరుల నైజాం సర్కారు పోయింది. పాటల తిట్టు తినేటోడే లేకుండ పోయిండు. మామూలుగైతే పాట కూడా పోవాలె. పోలే. 1980ల 'మా భూమి' సినిమా వచ్చింది. కృష్ణచందర్ ఉర్దూల రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల ఆధారంగ, బెంగాలీ ఆయన గౌతమ్ ఘోష్ డైరెక్షన్, బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. కృష్ణచందర్ తెలంగాణోడు కాదు, ఘోష్ తెలంగాణోడు కాదు, కథ మాత్రం మనదే. ఆ సినిమాల గొంగడి భుజాన వేసుకుని, కట్టె పట్టుకుని గద్దరన్న ఈ పాట పాడిండు. తూప్రాన్ల పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గొంతుల పడ్డంక ఆ పాట నల్లగొండ దాటింది, రాష్ట్రం దాటింది. తర్వాత తెలంగాణ ఉద్యమంల ధూంధాం వేదికల మీద అదే దరువు మీద పేర్లు మార్చి మార్చి పాడిన్రు. నైజాం స్థానంల అప్పటి పాలకులొచ్చిన్రు. ఇప్పుడు డీజే.

అంటే గద్దరన్న పాడింది కూడా కవరే కదా అన్నా? ఆ కవర్ లేకపోతే ఇరవై ఏండ్ల నాకు ఆ పాట తెలిసేదే కాదు. యాదగిరి పాటను మన దాకా మోసుకొచ్చింది అదే గొంతు. ఆ గొంతు ఎంత పెద్దదంటే యాదగిరి పేరు దాని నీడల కనపడకుండ పోయింది. ఇందుల గద్దరన్న తప్పు లేదు. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోయిన రోజు మా హాస్టల్‌ల అందరం ఏడ్చినం, నేను కూడా. తప్పు మనది. స్టేటస్ పెట్టుకునేటప్పుడు ఒక పేరు రాసేటోళ్లం రెండు పేర్లు రాయొచ్చు కదా, రాయలే.

కాబట్టి ఒరిజినల్ మాత్రమే పాడాలె అనే వాదన నాకు పట్టదు. ఏది ఒరిజినల్? యాదగిరి ఏ గొంతుతోటి పాడిండో ఆయన రికార్డు మనకు లేదు. 1980 సినిమాను ఒరిజినల్ అనుకుంటున్నం. పిల్లలు డీజే పెట్టుకుని ఎగిరితే పాట చావది. ఆ రోజు మైకు పట్టుకున్న అన్న "ఇప్పుడు గద్దరన్న పాట" అన్నడు చూడు, అక్కడ నాకు కోపమొచ్చింది. "యాదగిరి కట్టిన పాట, గద్దరన్న పాడిన పాట" అంటే ఇంకో రెండు సెకన్లు పట్టేది.

ఇది మన ఒక్కరి కథ కాదు. మా క్లాసుల ఒక అబ్బాయి గిటార్ నేర్చుకుంటుండు. ఎవరు నేర్చుకున్నా మొదట వాయించే పాటల్ల ఒకటి 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' అట. రాక్ పాటల్ల మస్తు పేరున్నది. 1964ల ఇంగ్లాండుల న్యూకాజిల్ పోరలు, 'ది యానిమల్స్' అనే బ్యాండు పాడితే లోకమంతా ఊగింది. నేను కూడా వాళ్లదే అనుకున్న. వెతికితే ఇంకో కథ వచ్చింది. 1937ల అలన్ లోమాక్స్ అనే పాటలు సేకరించే ఆయన అమెరికాల కెంటకీ రాష్ట్రం, మిడిల్స్‌బరో అనే ఊర్ల జార్జియా టర్నర్ అనే పదహారేండ్ల పిల్ల నోట ఈ పాట రికార్డు చేసిండు. గని కార్మికుని బిడ్డ. ఆమె కూడా కట్టలే, అంతకుముందే జనం నోట్ల ఉన్న పాట. 1933లనే క్లారెన్స్ ఆష్లీ రికార్డు చేసి ఉన్నడు. తర్వాత డేవ్ వాన్ రాంక్ అనే ఆయన దానికి కొత్త నడక కూర్చుకున్నడు. ఆయన రికార్డు చేసుకునే లోపలనే బాబ్ డిలన్ 1962ల తన మొదటి ఆల్బమ్‌ల ఆ నడకనే పెట్టేసిండు. దోస్తులే ఇద్దరూ.

ఇంకా ఉంది. యానిమల్స్ బ్యాండుల ఐదుగురు. రికార్డు లేబుల్ మీద మాత్రం కూర్పు అని ఒక్క అలన్ ప్రైస్ పేరే పడ్డది. ఐదు పేర్లకు లేబుల్ మీద జాగ లేదని అట్ల వేసిన్రని చెప్తరు. రాయల్టీ ఆ ఒక్క పేరుకే పోయింది. ఇప్పుడు మా క్లాసు అబ్బాయి కిందామీదా పడి నేర్చుకుంటున్న ఆ గిటార్ ముక్క వాయించింది హిల్టన్ వాలంటైన్. ఆయన పేరు ఆ లేబుల్ మీద లేదు. జాగ లేదంట!

ఒక సంగతి ఆడపిల్లగ నాకు ఇంకా గుచ్చుకుంది. జార్జియా టర్నర్ పాడింది ఒక ఆడపిల్ల బతుకు చెడిపోయిన కథ. యానిమల్స్ దగ్గరికి వచ్చేసరికి అది మగపోరని కథ అయింది. పాట మారొద్దని నేను అనను, మారింది కాబట్టే ఇంత దూరం వచ్చింది. కానీ కోదాడ అన్న లిస్టుల తీజ్ పాటలకు పెట్టిన గొంతులు చూస్తే ఆరింట్ల నాలుగు మగగొంతులు. తీజ్ ఎవరి పండుగ అన్నా? తొమ్మిది దినాలు బుట్టలల్ల గోధుమ మొలకలకు నీళ్లు పోసేది ఎవరు? పెండ్లికాని ఆడపిల్లలు. ఆ పాటలల్ల ఉన్నది రేపు తండా విడిచిపోయే పిల్ల మనసు. మీరు పాడొద్దని కాదు, మా గొంతులు కూడా ఉన్నయని యాది చేస్తున్న.

ఇంకో పాట చెప్త, ఇది మనకు ఇంకా దగ్గర. దక్షిణాఫ్రికాల సోలమన్ లిండా అని ఒక జులూ ఆయన. చదువు రాదు. జోహానెస్‌బర్గ్‌ల రికార్డుల కంపెనీల పనోడు. 1939ల తన జట్టుతోటి 'మ్బూబె' అనే పాట రికార్డు చేసిండు. మ్బూబె అంటే వాళ్ల భాషల సింహం. పాట హక్కులు పది షిల్లింగులకు పోయినయి. ఆ రికార్డు లోమాక్స్ చేతుల నుంచి పీట్ సీగర్ అనే అమెరికా గాయకునికి చేరింది. ఆయనకు జులూ రాదు కదా, "ఉయింబూబె" అన్నది "విమొవె" అని వినపడ్డది. 1950లల్ల 'విమొవె' అనే పేరుతోనే అది హిట్టు. రచయిత దగ్గర పాల్ క్యాంప్‌బెల్ అని పెట్టిన్రు. అసలు అట్లాంటి మనిషే లేడు, అది వాళ్లు పెట్టుకున్న దొంగ పేరు. 1961ల ఇంగ్లీషు మాటలు చేర్చి 'ది లయన్ స్లీప్స్ టునైట్' అని టోకెన్స్ అనే గుంపు పాడింది, నంబర్ వన్. 1994ల డిస్నీ 'లయన్ కింగ్'ల కూడా పడ్డది. మనం చిన్నప్పుడు టీవీల చూసినం, గుర్తుందా, అడవిల ఆ జంతువులు పాడే పాట? లిండా 1962ల పేదోని లెక్కనే చనిపోయిండు. సమాధికి రాయి పెట్టనీకి ఇంట్ల పైసలు లేకుండే. 2000ల రియాన్ మలాన్ అనే జర్నలిస్టు ఈ కథంతా బయటపెట్టిండు. బ్రిటిష్ కాలంల 1911 చట్టంల ఒక లెక్క ఉంది: రచయిత చనిపోయిన 25 ఏండ్లకు హక్కులు వారసులకు తిరిగి రావాలె. అది పట్టుకుని బిడ్డలు కేసు వేస్తే 2006ల రాజీ అయింది, లిండా పేరు రచయితల్ల చేరింది, పైసలు వచ్చినయి. అంటే 67 ఏండ్లు.

వాళ్లకు ఒక రికార్డు ఉంది, దాని మీద సోలమన్ లిండా అనే పేరు ఉంది. అందుకే కేసు నిలబడ్డది. మన ముసలమ్మల పాటకు ఏముంది? మన గోర్ బోలికి లిపే లేదు. తెలుగు అక్షరాలల్ల రాసుకుంటం. కాగితం లేదు, క్యాసెట్ లేదు. పేరు మనం రాస్తేనే ఉంటది.

మన దగ్గరికి వస్తే, 2021ల 'లవ్ స్టోరీ' సినిమాల 'సారంగ దరియా' వచ్చింది. మన మంగ్లి అక్క పాడింది, బంజారా బిడ్డ గొంతు అన్ని ఊర్లల్ల మోగింది, గర్వపడ్డం. రచన సుద్దాల అశోక్ తేజ అని పడ్డది. అప్పుడు 'రేలా రే రేలా' ప్రోగ్రాంల ఆ జానపదాన్ని పాడిన కోమల అక్క ముందుకొచ్చి, పాట నేను తెచ్చిన అని అడిగింది. లొల్లి అయింది, డైరెక్టర్ శేఖర్ కమ్ముల మాట్లాడిండు, సర్దుబాటయింది. అశోక్ తేజ ఎవరి కొడుకు? 'మా భూమి'ల ఉన్న 'పల్లెటూరి పిల్లగాడా' పాట రాసిన సుద్దాల హనుమంతు కొడుకు. పోరాటాల ఇంటి నుంచి వచ్చినాయనకు కూడా ఈ ప్రశ్న తప్పలే. చరణాలు ఆయన కొత్తగ రాసుకుని ఉంటే ఆ పని ఆయనదే, కాదనను. పల్లవి ఎక్కడిదో కూడా పక్కన పడాలె, అంతే నా లెక్క. అడగకపోతే వచ్చేది కాదు, కోమల అక్క అడిగింది, అది ముఖ్యం. 'భీమ్లా నాయక్' సంగతి కూడా అంతే. మన పేరు పెట్టుకున్న హీరో అని హాస్టల్‌ల విజిళ్లు వేసినం. ఆ పాట ముందర కిన్నెర పట్టుకుని పాడిన దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది, 2024ల ఆయన కూలి పనిల ఉన్నడని వార్త వచ్చింది. విజిళ్లు వేసిన మనం ఆ వార్తను షేర్ కూడా చేయలే.

ఇగ నేను ఇంత కోపంగ ఎందుకు రాస్తున్ననో చెప్త.

మా నానీ పాడుతది. మిర్యాలగూడ దిక్కు తండా. తీజ్ వస్తే చుట్టుపక్కల తండాలోళ్లు కూడా పిలుస్తరు. మూడేండ్ల కింద ఒక ఛానలోళ్లు కారుల వచ్చిన్రు. పేరు చెప్పను. వేపచెట్టు కింద కూర్చోబెట్టి పొద్దంతా పాడించుకున్రు, ఒక చీర పెట్టిన్రు, పోయిన్రు. తర్వాత ఆ పాట కీబోర్డుతోటి, వేరే అమ్మాయి గొంతుతోటి వచ్చింది. లిరిక్స్ అని ఎవరో మాకు తెలియని పేరు. కింద తెలుగుల మాటలు వేసిన్రు, మొలకకు సంబంధించిన మాటను ఇంకేదో రాసిన్రు, అర్థమే లేదు. నానీకి చదివి వినిపిస్తే పడి పడి నవ్వింది. విమొవె లెక్కనే.

నవ్వు పోయిన ఏడాది పోయింది. మా పెద్దమ్మ బిడ్డ తీజ్ నాడు నానీ పాడంగ ఫోనుల తీసి యూట్యూబుల పెట్టింది. రెండు రోజులల్ల కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. రాగం ఆ ఛానల్ పాటతోటి కలిసిందట. వీడియోకు వచ్చే పైసలు వాళ్లకు పోతయట. వచ్చేది ఏముంది, నూట యాభై వ్యూసు. కానీ అక్క భయపడి వీడియో తీసేసింది. నానీకి సంగతి చెప్తే ఒక్కటే అడిగింది: "నా పాట నేను పాడొద్దా?" ఏం చెప్పాలె?

నేను అప్పటినుంచి కాపీరైట్ చట్టం చదువుతున్న, అర్థమైనంత. 1957 చట్టం. జానపద పాట ఎవరి సొంతం కాదు, ఎవరైనా పాడొచ్చు. ఛానలోళ్లకు హక్కు ఉన్నది వాళ్లు చేసిన ఆ రికార్డింగ్ మీద, వాళ్లు కొత్తగ కూర్చిన సంగీతం మీద. తండా రాగం మీద లేదు. ఆ క్లెయిమ్ మీద అక్క డిస్ప్యూట్ వేసి ఉంటే వాళ్లు 30 రోజులల్ల జవాబు చెప్పాల్సి ఉండే. మాకు తెల్వలే. ఇంకోటి, 2012ల చట్టం సవరించిన్రు. 38బి అని సెక్షన్ వచ్చింది. పాడిన మనిషి తన పేరు చెప్పమని అడిగే హక్కు అది. పాట కట్టినోళ్లకు కాదు, పాడినోళ్లకు. అంటే వేపచెట్టు కింద కూర్చుని పాడిన మా నానీకి కూడా. పేరు వేయమనేది దానం అడుగుడు కాదు అన్నా.

ఇప్పుడు కోదాడ అన్నకు. పాట ఎవరు కట్టిన్రో ఆ ముసలమ్మలకే తెల్వదు కదా, ఎవరి పేరు వేస్తం అన్నవ్. నిజమే, తెల్వదు. తెల్వనప్పుడు లిరిక్స్ దగ్గర మీ దోస్తు పేరు ఎట్ల వచ్చింది? తెలిసినంత రాద్దాం. పాడింది ఎవరు, ఏ తండా, ఏ మండలం, ఆమెకు ఎవరు నేర్పిన్రు. మా నానీని అడిగితే తన అత్త నేర్పిందని చెప్తది, ఆ అత్త దామరచర్ల దిక్కు నుంచి వచ్చిందని చెప్తది. అంతవరకు రాయుండ్రి. మీ దోస్తు రెండు చరణాలు కలిపితే, కలిపిన చరణాలు ఫలానా ఆయనవి అని విడిగ రాయుండ్రి. ఆయన పేరు ఎవరూ తీసేయమనలే. బీట్ వేసినాయనది కూడా వేయుండ్రి. యూట్యూబుల డిస్క్రిప్షన్‌ల జాగ లేదని మాత్రం చెప్పకుండ్రి.

పేర్లు పెట్టుడు మన పద్ధతి కాదు, అంతా కలిసి పాడుకునేటోళ్లం అని కామెంట్ల ఒక తమ్ముడు రాసిండు. తమ్మీ, మన తండాలకు ఢాడీలు వచ్చి పాడేది ఎప్పుడన్న విన్నవా? వాళ్ల పాటంతా పేర్లే. ఏ గోత్రం, ఎవరి కొడుకు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చిన్రు. పేరు మర్చిపోవద్దని మన పెద్దోళ్లు పాటగాళ్లనే పెట్టుకున్రు. పేర్లు వద్దనేది మన సంస్కృతి అని ఎవరు నేర్పిన్రు మనకు?

ముసలోళ్లకు ఈ పేర్లు, పైసలు ఏం పట్టింపు ఉంటది అనేటోళ్లు కూడా ఉన్నరు. అడిగిన్రా? కొందరు వద్దనొచ్చు. కొందరికి మొఖం ఫోనుల పడుడు ఇష్టం ఉండకపోవచ్చు, అది కూడా వినాలె. మా నానీని నేను అడిగిన. పేరు వేస్తే తన చెల్లెలి పేరు కూడా వేయాలంది, ఇద్దరూ కలిసి పాడేటోళ్లట. చెల్లె చనిపోయి ఆరేండ్లు. ఎదురుగ కూర్చుని అడిగితే బయటికొచ్చే సంగతులు ఇవి. పైసల సంగతి కూడా ముందే తేల్చుదాం. వ్యూస్ రాకపోతే ఎవరికీ ఏం లేదు. వస్తే మొదటి భాగం పాడినోళ్లకు, తర్వాత స్టూడియో ఖర్చు. ముందు మాటనుకోకపోతే తర్వాత మనమే ఆ కారుల వచ్చిన ఛానలోళ్లం అవుతం. వాళ్లు బయటోళ్లు కాబట్టి తిట్టుకున్నం. మనల్ని మన నానీలు ఏమని తిట్టుకోవాలె?

కోదాడ అన్నా, నీ లిస్టుల మూడో పాట మా నానీది. నాతో చెప్పకుండ పెట్టినవ్, ఎక్కడ విన్నవో కూడా నాకు తెలుసు. ఆ పాట తీసేయమని అనట్లే. బీట్ వేసుకో, స్పీడు పెంచుకో, నాకేం బాధ లేదు, రిలీజైతే మా హాస్టల్‌ల మొదట ఎగిరేది నేనే. వచ్చే ఆదివారం నేను తండాల ఉంట. మీ ఫోను, మైకు తీసుకుని రాండ్రి. అక్క మిర్యాలగూడ బస్టాండుకు వచ్చి తీసుకొస్తది. నానీ దగ్గర కూర్చుని అడుగుండ్రి. ఆమె సరే అంటే పాడుతది. ఆమె పేరు, ఆమె చెల్లె పేరు, వాళ్లిద్దరికీ నేర్పిన అత్త పేరు ఎట్ల రాయాలో నేను తెలుగుల రాసి ఇస్త. ఆదివారం రాకపోతే ఆ మూడో పాట లిస్టుల నుంచి తీసేయుండ్రి.